అయిదుల జత వస్తే ఆడాలా, పడేయాలా?

ఆశ్వయుజ పున్నమి వచ్చిందంటే ఒడిశా బరంపురంలో మా వీధి నిద్రపోదు. ఒడియా వాళ్లకి అది కుమార పున్నమి. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని చంద్రుడికి మొక్కుతారు, పుచి అనే ఆట ఆడతారు. పెద్దవాళ్లు పేకముక్కలు ముందేసుకుని అర్ధరాత్రి దాటేదాకా కూర్చుంటారు. ఆ తర్వాత మూడో రోజున మా ఇంట్లో అట్లతద్ది. మా పిల్లలు రెండు పండగలూ చేసుకుంటూనే పెరిగారు. గోరింటాకూ వాళ్లదే, పుచీ వాళ్లదే.

చిక్కల్లా పేక దగ్గర వచ్చింది. నేను పుట్టిన టెక్కలి వైపు పేక అంటే కొంప ముంచే వ్యవహారం. పొలాలు అమ్ముకున్న వాళ్ల కథలు వింటూ పెరిగినదాన్ని. "పక్కింటి మౌసీ వాళ్లు పూజయ్యాక అందరూ కూర్చుని పేక ఆడతారు కదమ్మా, మనింట్లో ముట్టుకుంటేనే తప్పా?" అని మా అమ్మాయి అడిగింది. "మనవాళ్లు అలా చేయరు" అంటే ఆ పూటకి నోరు మూయించవచ్చు. కానీ పరాయి రాష్ట్రంలో పెరిగే పిల్లలకి ప్రతిదానికీ అదే జవాబు చెబుతూ పోతే, చివరికి మనవాళ్లంటేనే విసుగు పుడుతుంది. భయం పెట్టడం కన్నా లెక్క నేర్పడం మంచిదని నేనూ మావారూ అనుకున్నాం.

ఈలోగా భువనేశ్వర్ హాస్టల్ నుంచి మావాడు పోకర్ నేర్చుకుని వచ్చాడు. టెక్సాస్ హోల్డెమ్ అంటారు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి అయిదు. ఇంట్లో ఆడాలంటే రెండే షరతులు పెట్టాం: డబ్బు ఉండకూడదు, ఫోన్ ఉండకూడదు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా నిషేధించింది. పోకర్, రమ్మీ రెండూ అందులోకే వస్తాయి. ఆ సంగతి వాడికి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాం. పందెం చింతపిక్కలు.

ఒక చెయ్యి గురించి చెబుతాను. మా అమ్మాయికి రెండు అయిదులు వచ్చాయి. ముందుగా పెట్టాల్సిన పిక్కలు ఒకటి, రెండు కలిపి మూడు బల్ల మీద ఉన్నాయి. అన్నయ్య ఆరుకి పెంచాడు. వాడి ముందు ఇంకా 30 మిగిలాయి. ఇప్పుడు ఆరు పెట్టి కాల్ చేయాలా, ముక్కలు పడేసి ఫోల్డ్ చేయాలా?

చిన్న జత ఉన్నపళంగా గెలిచే ముక్క కాదు. మూడో అయిదు కోసం ఆశపడి ఆడే చెయ్యి. మొదట తెరిచే మూడు ముక్కల్లో, అంటే ఫ్లాప్‌లో, అది వచ్చే అవకాశం సుమారు 12 శాతం. ఒకసారి తగిలితే ఏడెనిమిది సార్లు తగలదు. తగలనప్పుడల్లా ఆరు పిక్కలు పోతాయనుకుంటే ఒక్క గెలుపుకి దాదాపు 45 పోగొట్టుకోవాలి. మరి గెలిస్తే వచ్చేదెంత? బల్ల మీద 9, అన్నయ్య దగ్గర 30. వాడు ఉన్నదంతా పెట్టేసినా 39. వాడు ప్రతిసారీ అంతా పెట్టడు కూడా. అదే ఇద్దరి ముందూ 150 చొప్పున ఉంటే ఆరు పెట్టి చూడటంలో అర్థముంది. అప్పుడు ముక్కలు మారలేదు, తగిలితే వచ్చేది మారింది.

మా అమ్మాయి తన ముక్కల వంక చూడటం మానేసి అన్నయ్య ముందున్న పిక్కలు లెక్కపెట్టింది. పడేసింది. ఫ్లాప్‌లో అయిదు పడింది! మావాడు ఇల్లంతా గోల. దానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మావారు ఆట ఆపి, నువ్వు చేసింది ముమ్మాటికీ సరైన పనే అని అదే లెక్క మళ్లీ కాగితం మీద వేసి చూపించారు. పరీక్షల్లో మార్కుల దగ్గరా పిల్లలకి ఇదే చెప్పాలని నా కోరిక. తీసుకున్న నిర్ణయం వేరు, పడిన ముక్క వేరు.

ఒకే గుర్తు ముక్కలు అయిదు కుదిరితే వచ్చే ఫ్లష్‌కీ ఇదే పద్ధతి. చేతిలో ఆఠీను ఏడు, ఎనిమిది ఉండి ఫ్లాప్‌లో ఇంకో రెండు ఆఠీన్లు పడ్డాయనుకోండి. కనిపించని 47 ముక్కల్లో ఆఠీన్లు 9. తర్వాతి ముక్క ఆఠీను అయ్యే అవకాశం 19 శాతం. బల్ల మీద 30 ఉండగా ఎదుటివాడు 10 పెడితే కాల్‌కి కావాల్సిన గెలుపు అవకాశం 20 శాతం (మొత్తం 50లో మన 10), కాబట్టి తర్వాత రాబోయేది కలుపుకుని ఆడొచ్చు. వాడు 30 పెడితే కావాల్సింది 33 (మొత్తం 90లో మన 30). మారు మాట లేకుండా పడేయడమే.

ఇదంతా మా మామగారికి కొత్తేమీ కాదు. ఆయనది ఇచ్ఛాపురం, రమ్మీ మనిషి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనని 1967లో సుప్రీంకోర్టు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే చెప్పిందని ఎంతో మురిపెంగా చెబుతారు. "తాతయ్యా, మీరు స్కూట్ ఎప్పుడు చేస్తారు?" అని మనవరాలు అడిగితే, "జోకరూ లేదు, సీక్వెన్సుకి దారీ లేదనుకో, ముక్క ఎత్తకుండానే పడేస్తానే తల్లీ. ఇరవై పాయింట్లతో పోయేదాన్ని ఎనభై దాకా లాగడం దేనికి?" అన్నారు. ఎన్నో ఏళ్లుగా ఆ ఇద్దరికీ సెలవుల్లో రెండు మాటల కన్నా ఎక్కువ ఉండేవి కావు. మనవరాలి మాటల్లో ఒడియా, హిందీ పదాలు దొర్లుతాయి, ఆయనకి అవి రావు. ఇప్పుడు గంటల తరబడి వాదించుకుంటారు, అదీ తెలుగులో. నాకు ఇంతకన్నా ఏం కావాలి?

ఈ ఏడాది మా అమ్మాయి పదో తరగతి అయ్యాక అసలు టెన్షన్ మొదలైంది. మా తెలుగువాళ్లలో చాలామంది పిల్లల్ని ఇంటర్‌కి విశాఖ హాస్టల్లో వేస్తారు. నాకూ అదే ఆశ, చుట్టూ తెలుగు ఉంటుందని. మా అమ్మాయి కాగితం తీసింది. రెండేళ్ల ఫీజు, హాస్టల్ ఖర్చు ఒకవైపు రాసింది. రెండోవైపు వచ్చేదేమిటో వెతికింది. ఆంధ్రలో ఇంజనీరింగ్ కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకి. చదువు లెక్కన లోకల్ కావాలంటే వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. ఇంటర్ రెండేళ్లతో కాదు. ఇక్కడ ప్లస్ టూ చదివినా జేఈఈ మెయిన్ రాయొచ్చు, ఒడిశా సీట్లూ ప్రధానంగా ఆ ర్యాంకు మీదే ఇస్తారు. "అన్నయ్య ముందు 30 పిక్కలే ఉన్నాయమ్మా" అంది.

నాకు వెంటనే మనసొప్పలేదు. రెండు రోజులు ఆ కాగితంలో తప్పు వెతికాను, దొరకలేదు. బరంపురంలోనే ప్లస్ టూ సైన్సులో చేర్పించాం. బీటెక్‌కి కావాలంటే విశాఖ సంగతి అప్పుడు మళ్లీ లెక్క వేద్దామంది. హాస్టల్‌కి అనుకున్న డబ్బులో కొంత ఇప్పుడు దాని లెక్కల ట్యూషన్‌కి వెళ్తోంది.