టిప్పు ఒర అని అమ్మాడు

ఖాళీ ఒరలు పోగేయడం మొదలెట్టి ఇది మూడో నెల. కత్తుల జోలికి పోను. అలుగు 9 అంగుళాలు దాటినా, 2 అంగుళాలకు మించి వెడల్పున్నా ఆయుధాల నిబంధనల కిందికి వస్తుంది. ఇంట్లో మా ఆవిడ నిబంధనలు అంతకంటే గట్టివి. ఒరకు ఆ గొడవ లేదు.

మొదటిది చిక్కపేట సండే బజార్‌లో దొరికింది. "టిప్పు కాలంది సార్" అన్నాడు అమ్మేవాడు. బెంగళూరులో పాతదేది పట్టుకున్నా టిప్పుదే! 800 చెప్పి 450కి ఇచ్చాడు. నల్లతోలు, మూతికీ కొనకూ ఉక్కు తొడుగులు, మూతి పక్కన ఒక గుండీ.

ఇంటికి రాగానే కొబ్బరి చీపురుపుల్ల లోపలికి దించి, ఆగినచోట గోటితో నొక్కి స్కేలు మీద పెట్టాను. 12 అంగుళాల పైచిలుకు. మూతి సన్నటి చీలికలా ఉంది, లోపల కత్తిని పట్టి ఉంచే రేకు స్ప్రింగులున్నాయి.

పై వాటాలో ఉండే రిటైర్డ్ సుబేదారు గారికి చూపిస్తే, గుండీ మీద బొటనవేలు పెట్టి, "సంగీన్‌ది కదయ్యా ఇది. బెల్టుకు వేలాడే తోలు పట్టీలో ఈ గుండీ ఇరుక్కుంటుంది. కాలినడక సిపాయిది" అన్నారు. సంగీన్ అంటే తుపాకి కొనకు తగిలించే కత్తి, బాయ్‌నెట్. రెండు రింగులుంటే తోలు పట్టీలతో వేలాడదీసే పొడుగు కత్తిదట.

ఇక్కడే ఒక తెలివితక్కువ పని చేశాను. తోలు మెరుస్తుందని కొబ్బరినూనె పట్టించాను. రెండో రోజుకి మెత్తబడి వెనక కుట్టు రెండుచోట్ల ఊడింది. ఇప్పుడు పొడి బ్రష్షు తప్ప ఏదీ తాకించను. అదృష్టం, మూతి తొడుగు మీద ముద్ర పోలేదు. గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చి అడ్డంగా పట్టుకుంటే కనబడింది: బాణం గుర్తు, దాని కింద ఇంగ్లీషు 'ఐ'. బ్రిటిష్ కాలపు ఇండియా సైన్యం ముద్ర అది. 1799లో పోయిన టిప్పుకు దీనితో ఏం పని?

బ్రిటిష్ సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కి చేసిన 1907 నమూనా బాయ్‌నెట్ అలుగు 17 అంగుళాలు. రైఫిల్ పొట్టిదయ్యేసరికి పోటు అందదేమోనని కత్తిని పొడుగు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ దాన్ని 12కి కుదించారు. నా ఒర కొన దగ్గర రెండంగుళాల మేర కుట్టుదారం వేరే, తోలును తొడుగులోకి బలవంతంగా కుక్కినట్టుంది. పొడుగు ఒరనే కోసి పొట్టి చేశారని నా అనుమానం.

రెండోది తుక్కు కొట్లో 100 రూపాయలకు. అగరుబత్తీల గొట్టం అనుకున్నాడు పాపం. గుండ్రటి ఉక్కు గొట్టం, కొనకు సన్నబడుతుంది, పక్కన గుండీ. పుల్ల 8 అంగుళాలు దాటాక ఆగింది. అలుగే లేని, మేకులాంటి 4వ నంబరు బాయ్‌నెట్ ఒర. (ఈ నంబర్లు బ్రిటిష్ సైన్యం తన బాయ్‌నెట్ రకాలకు పెట్టినవి.)

మూడోదే తలనొప్పి. ఉక్కుదే కానీ మూతి బల్లపరుపు. 5వ నంబరు ఒర. 5, 7, 9 నంబర్ల బాయ్‌నెట్లకు పిడులు వేరైనా అలుగు 8 అంగుళాలదే, ఒకే తీరు. కాబట్టి మూడూ ఇందులో దూరతాయి. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారే!" అన్నారు సుబేదారు గారు. ఒకేసారి కాదులెండి అన్నాను. నా చీటీలో మాత్రం '5 / 7 / 9' అనే రాసి పెట్టాను.