డి-ఫ్లాట్‌లో ఒక ఆదివారం

ఎడిసన్ (న్యూజెర్సీ), నవంబర్, ఆదివారం

ఈ నెల పాట ‘బాడీ అండ్ సోల్’ అనే పాత జాజ్ పాట. మా గిటార్ బృందంలో నెలకొక పాట అనుకుంటాం. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఒక్క గిటార్‌తో, బ్యాకింగ్ ట్రాక్ లేకుండా, అతుకులు వేయకుండా మొదటి నుంచి చివరిదాకా ఒకే టేక్‌లో వాయించి ఆ వీడియో మిగతా అందరికీ పంపాలి. రూల్సు అంతే. గ్లాస్గోలో లెక్కల మాస్టారుగా రిటైరైన ఒక పెద్దాయన, ఒసాకాలో పళ్ళ డాక్టరు ఒకాయన, నైలాన్ తీగల గిటార్ వాయించే బ్రెజిల్ ఆవిడ, ఇంకొందరు ఉన్నారు. ఎవరం ఎవరినీ ఎదురుగా చూసింది లేదు. కానీ ఎవరి బొటనవేలు తీగ మీద ఎంత బరువుగా పడుతుందో అందరికీ తెలుసు.

పొద్దున ఈయన పాపని స్విమ్మింగ్ క్లాసుకి తీసుకెళ్ళారు. రికార్డింగ్‌కి నాకు దొరికేది ఆ కాస్త టైమే. నవంబర్ వచ్చిందంటే మా వీధంతా ఆకులు ఊదే మెషీన్ల మోత. ఆదివారం కదా, కాస్త నయం అనుకుంటే పక్కింటాయన తనే భుజానికి తగిలించుకుని వాకిట్లోకి దిగాడు. ఆయన ఆపేసరికి కింద బేస్‌మెంట్‌లో ఫర్నేస్ అందుకుంది. థర్మోస్టాట్ తగ్గించి, అత్తయ్యగారికి ఇంకో శాలువా ఇచ్చి, పప్పు కుక్కర్ స్టవ్ మీంచి దింపాను. “విజిల్ వస్తే రికార్డింగ్‌లో పడుతుంది అత్తయ్యా, కాసేపాగి పెడతాను” అన్నాను. “ఆకలేం దంచేయట్లేదులే, ముందు నీ శ్రుతి కానీ” అన్నారు.

ఆవిడ విజయనగరం మనిషి. చిన్నప్పుడు అక్కడి మహారాజా సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్నారు. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన కాలేజీ అది. ఆ పేరు ఎత్తానంటే మధ్యాహ్నం దాకా కబుర్లే, ఇక వంట కాదు. మా ఇంటికి వచ్చిన కొత్తలో నేనొక పాట పూర్తిగా వాయించి గిటార్ కింద పెడితే, “శ్రుతి చేసుకోవడం అయిందా? ఇంక వాయించు” అన్నారు. వెక్కిరింత కాదది. అంతసేపూ నేను శ్రుతి కోసం వెతుక్కుంటున్నాననే అనుకున్నారు పాపం.

ఇక పాట సంగతి. ‘బాడీ అండ్ సోల్’ని జానీ గ్రీన్ 1930లో కట్టాడు. 1939 అక్టోబర్ 11న కోల్మన్ హాకిన్స్ టెనర్ శాక్సఫోన్ మీద దాన్ని రికార్డు చేశాడు. అసలు పాటని అలా తాకీ తాకనట్టు తాకి, మిగతాదంతా తన సొంతంగా అల్లుకుంటూ పోయాడు. అప్పటి నుంచీ జాజ్ వాళ్ళకి ఇదొక పరీక్ష పేపర్. అలవాటుగా వాయించే కీ, అంటే పాటకి ఆధార శ్రుతి, డి-ఫ్లాట్. శాక్సఫోన్ వాళ్ళకి అందులో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా ఒంటరిగా కూర్చున్న గిటార్ వాళ్ళకే.

ఎందుకంటే గిటార్ తీగల్ని ఏ ఫ్రెట్ (వీణకి మెట్టు లాంటిది) దగ్గరా నొక్కకుండా మీటితే లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ అని మోగుతాయి. డి-ఫ్లాట్ మేజర్ స్కేల్లో వీటిలో ఒక్క స్వరం కూడా లేదు. అంటే బాస్ (కింద నడిచే మంద్ర స్వరాలు) అయినా, కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుత్తి) అయినా, పాట అయినా ప్రతి స్వరాన్నీ ఎడమచేత్తో నొక్కి పుట్టించాలి. పక్కన బాస్ వాయించేవాళ్ళు ఉంటే ఏ కీ అయినా ఒకటే. ఒక్కరే వాయించేటప్పుడు ఖాళీ తీగే మనకు బాస్ ప్లేయరు. అది కింద మోగుతూ ఉంటే చెయ్యి తీరిగ్గా పైకి పోయి పాట అందుకుంటుంది. పైగా గిటార్ స్వరం మీటిన క్షణం నుంచే తగ్గిపోవడం మొదలవుతుంది. హాకిన్స్ ఊపిరి ఉన్నంతసేపూ ఒక స్వరాన్ని నిలబెట్టగలడు, మనం నిలబెట్టలేం. ఇంత నెమ్మది పాటలో పై స్వరం చల్లారిపోతుంటే లోపల ఏదో ఒక గొంతు, అంటే బాస్‌కీ పాటకీ మధ్య నడిచే స్వరాల వరస, కదులుతూ ఉండాలి. ఆ కదలికకి ఖాళీ వేలు కావాలి. డి-ఫ్లాట్‌లో ఖాళీ వేలు ఎక్కడిది?

అందుకే మాస్టారు ఈ పాటని సి మేజర్‌కి దించుకున్నారు. ఒసాకా డాక్టర్‌గారు జి అన్నారు. తప్పేమీ లేదు, చాలామంది పెద్ద పెద్దవాళ్ళు చేసే పనే. నేను మాత్రం డి-ఫ్లాట్ వదల్లేదు. మొండితనం కాదు, బ్రిడ్జ్ కోసం. పాట మొత్తం 32 బార్లు (మన తాళంలో ఆవర్తాల్లాంటివి). ఎనిమిది బార్ల మొదటి భాగం రెండుసార్లు వస్తుంది, తర్వాత బ్రిడ్జ్ అనే ఎనిమిది బార్లు, మళ్ళీ మొదటి భాగం. బ్రిడ్జ్ రాగానే పాట అర మెట్టు, అంటే ఒక్క ఫ్రెట్, పైకెక్కి డి మేజర్‌లో పడుతుంది. నాలుగు బార్ల తర్వాత సి మేజర్‌కి దిగుతుంది. ఈ రెండు స్కేల్స్‌లోనూ గిటార్ ఖాళీ తీగలు ఆరూ ఉన్నాయి! అప్పటిదాకా ఒక్క తీగ కూడా ఊరికే మోగని గిటార్ ఒక్కసారిగా మొత్తం మోగుతుంది. బిగుతు బూట్లు విప్పి చల్లటి గచ్చు మీద కాలు పెట్టినట్టు. కీ మార్చుకుంటే మొదటి భాగం సుఖంగా ఉంటుంది కానీ ఈ తేడా పోతుంది. సి మేజర్‌కి మారిస్తే బ్రిడ్జ్ డి-ఫ్లాట్‌లో పడుతుంది, అంటే తెరుచుకోవాల్సిన చోట మూసుకుపోతుంది. మాస్టారికి ఈ మాట రాశాను. “కష్టం ముందు పెట్టుకోవాలా, వెనక పెట్టుకోవాలా అన్నది మోకాళ్ళ వయసుని బట్టి ఉంటుంది” అని జవాబిచ్చారు. గిటార్‌కీ మోకాళ్ళకీ సంబంధం ఏమిటో అడగలేదు.

రికార్డింగ్‌కి నా దగ్గర పెద్ద సరంజామా ఏమీ లేదు. పై చెక్క వంపుగా ఉండే ఆర్చ్‌టాప్ గిటార్, దానికి ఫ్లాట్‌వౌండ్ తీగలు. ఈ తీగలకి పైచుట్టు గుండ్రటి తీగతో కాకుండా బల్లపరుపు రేకుతో చుట్టి ఉంటుంది కాబట్టి వేలు జారినా కీచుమనదు. చిన్న ఆంప్ ముందు ఒక మైక్. ఇంకో మైక్ గిటార్‌కి దగ్గరగా, తీగ మీద చర్మం తగిలే చప్పుడు కూడా కాస్త వినబడేలా పెడతాను. ఆ చప్పుడు పూర్తిగా పోతే నాకు నచ్చదు. జో పాస్ 1973లో ఒంటి గిటార్‌తో చేసిన ‘వర్చువోసో’ రికార్డులో కూడా నాకిష్టమైంది ఆ పొడి చెక్క చప్పుడే.

మధ్యలో విశాఖపట్నం కుర్రాడి మెసేజ్ వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఈమధ్యే మాతో చేరాడు. నన్ను అక్కా అంటాడు, మాస్టారిని సార్ అంటాడు, డాక్టర్‌గారిని ఏమనాలో తెలియక ఏమీ అనకుండా నెట్టుకొస్తున్నాడు. “అక్కా, మీరుండే చోట జాజ్ గిటార్ వాళ్ళెవరైనా ఉన్నారా?” అని అడిగాడు. ఉన్నారా ఏమిటి నాయనా! జో పాస్ పుట్టిన న్యూ బ్రన్స్‌విక్ మా ఎడిసన్ తర్వాతి రైల్వే స్టేషనే. ఏడు తీగల గిటార్ చేయించుకుని దానికి ‘ఒళ్ళో పియానో’ అని పేరు పెట్టిన జార్జ్ వాన్ ఎప్స్ 1913లో పుట్టింది ఇక్కడికి దగ్గరే, ప్లెయిన్‌ఫీల్డ్‌లో. ఆయన్ని విని తనూ ఏడో తీగ పట్టిన బకీ పిజరెల్లిది పేటర్సన్. టాల్ ఫార్లో అయితే నాకు మరీ ఇష్టం. మంచి పేరున్న రోజుల్లోనే హడావుడి తగ్గించుకుని, సముద్రం ఒడ్డున సీ బ్రైట్‌లో స్థిరపడి, తన పాత పని, అంటే షాపుల బోర్డులు రాసే పని, మళ్ళీ చేసుకుంటూ బతికాడు. ఉద్యోగం చేసుకుంటూ గిటార్ పట్టుకునే మాలాంటివాళ్ళకి అంతకంటే ధైర్యం ఏం కావాలి? ఇదంతా టైప్ చేసేసరికి పక్కింటాయన మెషీన్ మళ్ళీ మొదలైంది.

చివరికి టేక్ కుదిరింది. రెండో ఆవృతంలో బ్రిడ్జ్ నుంచి వెనక్కి వచ్చే చోట ఒక పని చేశాను. అక్కడ సి7, బి7, బి-ఫ్లాట్7 అని మూడు కార్డులు వరసగా అర మెట్టు చొప్పున దిగి, ఇ-ఫ్లాట్ మైనర్ మీద పడతాయి. అందరూ ఒకే పట్టుని ఎనిమిదో ఫ్రెట్ నుంచి ఏడుకి, ఆరుకి జార్చేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది, కాకపోతే ఎవరు వాయించినా ఒకేలా ఉంటుంది. నేను పైన సన్న ఇ తీగని ఖాళీగా మోగనిచ్చి, కింద మాత్రమే సి, బి, బి-ఫ్లాట్ దించాను. అదే ఇ మొదటి కార్డులో ఇంట్లో మనిషి, రెండో దాంట్లో చుట్టం, మూడో దాంట్లో పూర్తిగా పరాయి. అక్కడి నుంచి ఇ-ఫ్లాట్‌కి దిగాలి. ఖాళీ తీగకి అంతకంటే కిందికి చోటు లేదు కదా, అందుకని రెండో తీగ నాలుగో ఫ్రెట్ మీదకి దాటాలి. ఆ దాటేటప్పుడు సందు వినబడకూడదు. వారమంతా ఆఫీసు మీటింగుల్లో మ్యూట్‌లో కూర్చుని సాధన చేసింది ఈ ఒక్క అడుగే.

పంపాక అందరివీ వరసగా విన్నాను. బ్రిడ్జ్ దగ్గర దాదాపు అందరి టైమూ కాస్త పరుగెత్తుతోంది. కష్టమైన చోట జాగ్రత్తగా ఉంటాం, చెయ్యి తేలికైన చోటే తొందర. బ్రెజిల్ ఆవిడ ఒక్కావిడే ఎక్కడా తొణకలేదు. ఆవిడ బొటనవేలికి లోపల ఏదో గడియారం ఉంది. విశాఖ కుర్రాడు, “అక్కా, అన్ని కార్డులు పట్టడం రాలేదు, అందుకని బాసూ పాటా మాత్రమే వాయించాను” అని ముందే సంజాయిషీ రాసుకున్నాడు. మామూలు అకౌస్టిక్ గిటార్, వెనక ఫ్యాన్ చప్పుడు, రెండే గొంతులు. కార్డులో మిగతా స్వరాలన్నీ నా చెవే నింపుకుంది. నేను పెట్టిన లోపలి గొంతుల్లో సగం తీసేసినా పాట నిలబడేదేమో అనిపించింది. మొదటి భాగం నాలుగో బార్‌లో బాస్ ఏ తీగ మీద పట్టాడని అడిగాను. గంట దాకా జవాబు లేదు. తర్వాత ఆ చేతిని దగ్గరగా తీసిన ఫోటో వచ్చింది, వేళ్ళ మీద నంబర్లు వేసి మరీ.

ఇలాంటి ప్రశ్నే మాలో అసలైన మెప్పు. మా చుట్టాల గ్రూపులో వీడియో పెడితే “సూపర్ వదినా” అని వస్తుంది, చప్పట్ల బొమ్మలు వస్తాయి, ఆ వెంటనే ఎవరో గుడ్ మార్నింగ్ గులాబీ పెడతారు. వాళ్ళ ప్రేమ వాళ్ళది, దాన్ని నేనేమీ అనను. కానీ వాయించేవాళ్ళు “బాగుంది” అని ఊరుకున్నారంటే నాకు టెన్షన్. అది మర్యాద, అంతే. నిజంగా చెవికి తగిలితే ఊరుకోలేరు. ఏ వేలు, ఏ తీగ, ఎక్కడ పట్టావని అడిగి తీరతారు, తమ గిటార్ మీద అది వచ్చేదాకా నిద్రపోరు. మధ్యాహ్నం మాస్టారు ఒకే ఒక్క వాక్యం రాశారు: “ఆ ఇ ని రెండో తీగ మీదకి ఏ వేలితో దించావు?” చూపుడు వేలితో, నాలుగో ఫ్రెట్ అడ్డంగా నొక్కి పట్టి, అని రాశాను. నాకు మధ్యాహ్నం అన్నం తిన్న ధ్యాసే లేదు.

అత్తయ్యగారు కూడా వినిపించమన్నారు. హెడ్‌ఫోన్స్ పెట్టాను. కళ్ళు మూసుకుని, తొడ మీద వేళ్ళు కదుపుతూ విన్నారు. అయ్యాక, “మధ్యలో షడ్జమం జరిపేశావేం అమ్మాయ్?” అన్నారు. జన్మంతా ఒకే శ్రుతి మీద నిలబడ్డ చెవి అది, ఆ అర మెట్టు దాన్ని దాటిపోలేదు. “ఈ పాట అంతే అత్తయ్యా, జరిపి మళ్ళీ వెనక్కి తెస్తారు” అన్నాను. “తెచ్చావులే, విన్నాను. మాకైతే పక్కన మూడు తాళం తీగలుంటాయి, చిటికెన వేలితో మీటుకుంటాం. నీకవి లేవు. మరి ఆ చివర ఒకటి మోగుతూనే ఉందే, అదెక్కడిది?” అన్నారు. గిటార్ తెచ్చి చూపించాను. సన్న తీగని తనే చూపుడు వేలితో ఒకసారి మీటి, “దీనికి గమకం రాదుగా” అని పెదవి విరిచి, పప్పు సంగతి గుర్తు చేశారు.

వచ్చే నెల పాట ఎంచే వంతు నాది. వాల్ట్జ్ ఏదైనా పెడదామని చూస్తున్నాను. మూడు బీట్లలో బాస్‌కి ఒకటే పని, మిగతా రెంటిలో వేళ్ళకి కాస్త తీరిక. మాస్టారు ఒప్పుకోరు. లెక్కలు చెప్పిన మనిషే కానీ మూడు దాకా లెక్కపెట్టమంటే ఆయనకి మహా చిరాకు.