బ్రేకులతో ఆటలేంటి బాబూ?

ఆదివారం, రాత్రి

సబ్బుతో మూడుసార్లు తోమినా గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. ఆ వేళ్లతోనే రాస్తున్నా.

పది రోజులుగా కారు ముందు ఎడమ చక్రం కీచుమంటోంది. చక్రంతో తిరిగే డిస్కుని నొక్కి బండి ఆపే బ్రేకు ప్యాడ్ అరిగి చివరికొస్తే, ఆ డిస్కుకి రాసుకుని గోల చేసేలా పక్కన చిన్న రేకు ఒకటి పెడతారు. దాని అరుపే అది. కొత్త ప్యాడ్లు తెచ్చి నాలుగు రోజులైంది. ఈ రోజు తెల్లవారుతూనే మొదలుపెట్టాలనుకున్నా, ఎవరూ లేవకముందే పని అయిపోతుందన్న ఆశతో. లేచేసరికి ఎనిమిది దాటింది. వీధి మొత్తం నాకన్నా ముందే లేచింది.

హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టాను. చక్రం నేల మీద ఉండగానే నట్లు పావు చుట్టు వదులు చేశాను. తర్వాతే జాకీ. జాకీ మీద ఎత్తాక స్టాండు పెట్టి, బరువు దాని మీదికి దించాకే చక్రం ఊడదీశాను. ఒట్టి జాకీని నమ్మి బండి కింద చెయ్యి పెట్టేంత ధైర్యం నాకు లేదు.

అప్పుడొచ్చారు ఎదురింటి పెద్దాయన, చేతులు వెనక్కి కట్టుకుని.

"ఏం బాబూ, మెకానిక్కు దొరకలేదా?"

"దొరికాడండీ. నేనే చేసుకుందామని."

"బ్రేకులతో ఆటలేంటి? అద్దాలు తుడుచుకో, కాదనను. ఇవి ప్రాణాలకు సంబంధించినవి."

ఈలోగా పక్కింటావిడ గేటు తీసి చూసి, "పిల్లలు తిరిగే చోటండీ ఇది" అని వాళ్ల చిన్నదాన్ని లోపలికి లాక్కెళ్లిపోయింది. ఆవిడ మాట నిజమే. నట్లూ బోల్టులూ అన్నీ ఏరి పళ్లెంలో వేసి నా వెనక్కి జరుపుకున్నాను. పెద్దాయన మాత్రం కదల్లేదు. ఆయన బాధ ప్రమాదం గురించి సగమే. మిగతా సగం, ఉద్యోగం చేసుకునేవాడు మాసిన బనీనుతో వీధి నేల మీద చతికిలబడటం. ఆ సగం ఆయన అనలేదు, బనీను వైపు మూడుసార్లు చూశారంతే.

ప్యాడ్లను డిస్కుకి నొక్కి పట్టే క్యాలిపర్ విప్పి, దాని బరువు బ్రేకు ఆయిల్ రబ్బరు గొట్టం మీద పడకుండా ఒక తీగతో స్ప్రింగుకి వేలాడగట్టాను. పాత ప్యాడ్లు చేతిలోకి తీసుకుని చూస్తే ఒళ్లు జలదరించింది. బయటి ప్యాడ్‌కి ఇంకా నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంది. లోపలిది అట్టముక్కలా ఉంది, ఇంకొన్నాళ్లు పోతే ఇనుము ఇనుముని గీరేది. రెండూ ఒకే రోజు వేసిన జత!

కారణం చెయ్యి పెట్టగానే దొరికింది. ఈ రకం క్యాలిపర్‌లో ఆయిల్ ఒత్తిడికి ముందుకొచ్చే పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని తోస్తే, క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ని డిస్కు మీదికి లాగుతుంది. ఆ పిన్ను జారకపోతే భారమంతా లోపలిదే మోయాలి. నా కారు కింది పిన్ను మెలితిప్పితే గానీ ఊడి రాలేదు. రబ్బరు తొడుగు చిరిగిపోయి, గ్రీజు చుక్కైనా లేకుండా, తుప్పుతో గరగరలాడుతోంది. పోయినసారి ఈ పని డబ్బిచ్చి చేయించిందే. ప్యాడ్లు మార్చారు, బిల్లు చేతిలో పెట్టారు, పిన్ను మొహం ఎవరూ చూడలేదు. ప్రాణాలకు సంబంధించినవి కాబట్టే నేను చేసుకుంటున్నాను అని పెద్దాయనకు చెబుదామనుకున్నాను. చెప్పి ఉంటే ఇంకో పావుగంటలో నవ్వులపాలయ్యేవాణ్ణి.

పిన్నుని ఎమరీ కాగితంతో రుద్ది, తొడుగు మార్చి, సిలికాన్ గ్రీజు రాశాను. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. తర్వాత పాత ప్యాడ్‌ని అడ్డం పెట్టి మర తిప్పి బిగించే సీ క్లాంపుతో పిస్టన్‌ని నెమ్మదిగా లోపలికి నెడుతున్నాను. చక్కగా వెళ్తోంది. మనసులో నన్ను నేనే మెచ్చుకుంటున్నాను.

"బాబూ, ఇక్కడేదో కారుతోంది!"

బానెట్ తెరిచే ఉంది. పిస్టన్ వెనక్కి వెళ్తే బ్రేకు ఆయిల్ పైనున్న డబ్బాలోకి ఎక్కుతుంది. ప్యాడ్లు అరిగి మట్టం తగ్గినప్పుడు, రెండు నెలల కిందట, నేనే దాన్ని గీత దాకా నింపి పెట్టాను. ముందే కాస్త తోడెయ్యాల్సింది. మర్చిపోయాను. మూత అంచు నుంచి పొంగి, బంపరు మీదుగా నేలకు జారుతోంది. అది పెయింటు మీద నిలిస్తే రంగుని పొక్కులు లేపేస్తుంది.

నీళ్లతో వెంటనే కడిగితే పోతుంది. బకెట్టు కోసం లోపలికి పరిగెత్తబోయేసరికి పెద్దాయన తన మొక్కల పైపు ఈడ్చుకుంటూ వచ్చేశారు. "మూత, ముందు మూత" అని అరిచాను. ఆ డబ్బాలోకి నీళ్లు పోకూడదు. డాట్ 4 రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీలిస్తే ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. బ్రేకుల వేడికి ఆయిల్ మరిగితే పెడల్ తొక్కినా బ్రేకు పట్టదు. మూత బిగించి ఇద్దరం కలిసి కడిగాం. బంపరు బతికింది.

"చూశావా, నేను చెప్తూనే ఉన్నా" అన్నారు. నోరెత్తలేదు.

కుడి వైపుకి మాత్రం ముందే సిరంజితో ఆయిల్ తోడాను. ఎడమ వైపు పూర్తిగా బిగించాకే రెండోది విప్పాను, అనుమానమొస్తే చూసుకోవడానికి ఒకటి సరిగ్గా ఉండాలి కదా. నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, చివర్లో ఎంత బిగించాలో కొలిచి చెప్పే టార్క్ రెంచితో టక్ మనిపించాను. బండి కదపకముందు పెడల్ తొక్కితే మొదటిసారి నేల దాకా దిగిపోయింది. అది మామూలే, పిస్టన్ ప్యాడ్‌ని అందుకునేదాకా నాలుగైదు సార్లు తొక్కాలి. తెలిసీ గుండె జారింది. గట్టిపడ్డాక ఆయిల్ మట్టం చూసుకుని, నడక వేగంతో సందు చివరిదాకా వెళ్లి ఆపి చూశాను. తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకునేలా ఖాళీ రోడ్డు మీద యాభైలో వెళ్తూ పదికి తగ్గించడం, చల్లారనిచ్చి మళ్లీ, ఓ పది సార్లు. కీచు లేదు.

తిరిగొచ్చేసరికి పెద్దాయన లేరు. గేటు ముందు నేల మీద రెండు నల్లటి మరకలు. ఆయన పైపు ఇంకా మా గోడ పక్కనే చుట్ట చుట్టి ఉంది. రేపు ఆ మరకలు కడిగి, దాన్ని ఇచ్చి రావాలి. ఆ పిన్ను సంగతి అప్పుడు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా.