మూతి వంకర పోతే ముందు టైము చూడండి

నాకు రక్తం గడ్డ అడ్డుపడింది మెదడు ఎడమ సగంలో. పడిపోయింది మాత్రం కుడి చెయ్యి, దాంతోపాటు మాట. ఎడమ సగమే కుడి పక్కను నడుపుతుంది, చాలామందికి మాటా అక్కడే. ఇప్పుడు డ్వాక్రా సంఘాల మీటింగుల్లో, మిగిలిన ఈ నత్తితోనే పక్షవాతం గురించి చెబుతుంటాను.

మాటల కంటే సెలైన్ పైపు బాగా పనిచేస్తుంది. సీసాలో ఎర్ర రంగు నీళ్లు పోసి పైపులోంచి వదులుతాను. పెసరగింజంత మైదా ముద్ద కుక్కగానే ధార ఆగిపోతుంది. సీసాను మరీ ఎత్తితే ఒత్తిడికి ముద్ద జారిపోయి జనం నవ్వుతారు. ఒంటి బరువులో మెదడు 2 శాతమే అయినా ఒంటికి అందే ఆక్సిజన్‌లో ఐదో వంతు దానికే కావాలి. దాచుకోవడానికి గాదె లేదు.

మూతి ఓ పక్కకు జారినా, రెండు చేతులూ చాపితే ఒకటి దిగిపోతున్నా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చెయ్యాలి. చాలామందికి నొప్పి పుట్టదు, అందుకే "కాసేపు పడుకుంటే సర్దుకుంటుందిలే" అంటారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల్లోపే ఇస్తారు. ఆ లెక్క రోగి చివరిసారి బాగా ఉన్నప్పటి నుంచి. నిద్రలో పక్షవాతం వస్తే, లేచి చూసిన టైము కాదు, రాత్రి మాట్లాడిన టైము చెప్పాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే పోవాలి. గడ్డ అడ్డుపడిందా, నరం చిట్లిందా అన్నది పైనుంచి చూస్తే తెలియదు. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ వెయ్యకూడదు, చిట్లి ఉంటే కొంప మునుగుతుంది. కాఫీ, నీళ్లు కూడా వద్దు. మింగడం దెబ్బతిని ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పావురం రక్తం పూస్తే పక్షవాతం తగ్గుతుందట కదా అని ప్రతి మీటింగులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. మొదటి వారాల్లో వాపు తగ్గి మెదడు తనంతట తాను కొంత కోలుకుంటుంది. పేరు పావురానికి పోతుంది.

తర్వాతి కోలుకోవడమంతా చేసిందే చెయ్యడం. దెబ్బతినని కణాలు ఆ పని నేర్చుకోవాలంటే అదొక్కటే దారి. నాకు చింతగింజలు పనికొచ్చాయి: ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఒక్కోటి, బొటనవేలు, చూపుడువేలుతో. ఎడమ చెయ్యి సాయం వస్తే లెక్కలోకి రాదు. ఇంకోటి, రోగిని లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగకండి. కండ బిగువు లేని భుజం కీలు జారుతుంది. నడుముకు తువ్వాలు చుట్టి, దాన్ని పట్టుకుని లేపాలి.