సంచిలో లేని వజ్రం

మా 2008-12 బ్యాచ్‌లో ఒకడు నాతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు. గొడవ డబ్బు దగ్గర రాలేదు, మార్కుల దగ్గరా రాలేదు. ఆటలో ఒక వజ్రాన్ని నేను దొంగిలించాను, అందుకు. ఇది రాసే ముందు వాడికి ఫోన్ చేసి అడిగాను. "రాయి రా, పేరు మాత్రం వద్దు" అన్నాడు. అందుకని ఇక్కడ ఎవరి పేరూ రాయడం లేదు. హాస్టల్ రెండో అంతస్తు చివరి గదిలో శనివారం రాత్రుళ్లు కూర్చున్న ఐదుగురికీ ఎవరెవరో తెలుసు. అది చాలు.

ఆ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. బోర్డు ఉండదు, పావులు ఉన్నా లేకపోయినా నడుస్తుంది. ఒకరు కథ చెబుతారు. ఆయన డంజన్ మాస్టర్. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ఆ కథలో ఏం చేస్తారో చెబుతారు. జరుగుతుందో లేదో తేలని పని అయితే పాచిక వేసి తేలుస్తారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారు చేసిన ఈ ఆట 1974లో అమెరికాలో అచ్చయింది. గైగాక్స్ పోయింది మేం కాలేజీలో చేరిన సంవత్సరమే, 2008 మార్చిలో. ఆ వార్త చదివే మా సీనియర్ అన్న ఈ ఆట గురించి వెతకడం మొదలుపెట్టాడు. అదే ఏడాది నాలుగో ఎడిషన్ వచ్చింది కానీ పుస్తకాలు కొనే స్తోమత మాకెక్కడిది? మూడున్నరో ఎడిషన్ నియమాలు చాలావరకు నెట్‌లో ఉచితంగా దొరికేవి. అన్న వాటిని ప్రింట్ తీసి, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించి, మేం సెకండియర్‌లో ఉండగా మా గదికి పట్టుకొచ్చాడు.

మొదట్లో మాకు పాచికలు లేవు. ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి స్టీలు డబ్బాలో వేసి తీసేవాళ్లం. చిన్నప్పుడు అష్టాచెమ్మాలో గవ్వలు వేసిన చేతులకి చీటీలు ఏం ఆనతాయి! సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా పెదనాన్న కొడుకు ఏడు పాచికల సెట్టు తెచ్చాడు. ఇరవై ముఖాల పాచిక మొదటిసారి గచ్చు మీద దొర్లిన చప్పుడు నాకింకా గుర్తుంది. మ్యాపులు ఇంజనీరింగ్ డ్రాయింగ్ షీట్ల వెనక వైపు గీసేవాళ్లం.

నేను రోగ్‌ని, అంటే దొంగని. తాళాలు తీయడం, ఉచ్చులు పసిగట్టడం నా పని. ఒకడు ఫైటర్. ఒకడు క్లెరిక్, గాయాలు మాన్పే పూజారి. నాలుగోవాడు విజార్డ్, అంటే మంత్రగాడు. నేను రాయాలనుకున్నది వాడి గురించే.

వాడిది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. క్లాసులో లెక్చరర్ లేపితే లేచి నిలబడేవాడు, అంతే. జవాబు తెలిసినా ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తుందని నోరు విప్పేవాడు కాదు. అలాంటివాడు శనివారం రాత్రి మంత్రగాడు అయ్యేసరికి మారిపోయేవాడు. రాజుల ముందు వాదించేవాడు, కాపలాదారుల్ని మాటలతో తిప్పేసేవాడు. ఆ ఆటలో విజార్డ్ రోజూ పొద్దున్నే తన మంత్రాల పుస్తకం చూసుకుని ఆ రోజుకి కావలసిన మంత్రాలు సిద్ధం చేసుకోవాలి. మనవాడు నిజంగానే ఒక లాంగ్ నోట్‌బుక్‌కి అట్ట వేసి, మంత్రాలన్నీ తెలుగులో రాసుకున్నాడు. ఫైర్‌బాల్ అగ్నిగోళం అయింది, మ్యాజిక్ మిసైల్ మంత్రశరం అయింది. ఒక్కో మంత్రం పక్కన చిన్న బొమ్మ. ఏడాదిన్నరలో ఆ నోట్‌బుక్ సగం పైన నిండింది. వాడు అంత శ్రద్ధగా రాసిన పుస్తకం ఇంకొకటి నేను చూడలేదు.

2011 ఫిబ్రవరి నాటికి మా పాత్రలు ఎనిమిదో లెవల్‌కి వచ్చాయి. ఒక గుహలో ఐదు వేల బంగారు నాణేల విలువైన వజ్రం దొరికింది. ఆ విలువకి అర్థం ఉంది. క్లెరిక్ తొమ్మిదో లెవల్‌కి వస్తే చనిపోయినవాణ్ని బతికించే మంత్రం చేతికొస్తుంది. ఆ మంత్రానికి కనీసం ఐదు వేల విలువైన వజ్రం కావాలి. ఎవరికైనా అవసరం పడుతుందని నలుగురం కలిసి అనుకుని దాన్ని క్లెరిక్ సంచిలో పెట్టాం. ఆ అనుకున్న నలుగురిలో నేనూ ఉన్నాను.

తర్వాతి శనివారం అన్నకి రహస్యంగా ఒక చీటీ ఇచ్చాను, క్లెరిక్ సంచిలోంచి వజ్రం తీస్తున్నానని. రహస్య చీటీలు మా ఆటలో మామూలే. అన్న చదివి నా వైపు ఒక క్షణం చూసి, "రోల్ చెయ్" అన్నాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నాకు పదిహేడు పడింది. క్లెరిక్ గమనించాడో లేదో తేల్చే పాచిక అన్నే వేశాడు. వాడు గమనించలేదు. ఊరు చేరాక ఇంకో చీటీ ఇచ్చి వజ్రం అమ్మేశాను. అడుగుల చప్పుడు వినపడనివ్వని బూట్లు రెండున్నర వేలు, మనిషిని దాచేసే అంగీ రెండున్నర వేలు. లెక్క సరిపోయింది. ఆ రాత్రి నాకు చాలా సంతోషంగా నిద్ర పట్టింది.

ఆ పై శనివారం కొండ దారిలో ఒక రాక్షసుడు ఎదురయ్యాడు. అన్న పాచిక వేస్తే ఇరవై పడింది. గద దెబ్బ విజార్డ్‌కి తగిలింది. పాత్ర ప్రాణానికి పాయింట్ల లెక్క ఉంటుంది, అది మైనస్ పదికి దిగితే చావు. వాడు అంతకన్నా కిందకి వెళ్లిపోయాడు. ఎలాగో రాక్షసుణ్ని చంపాం. వాడు నోట్‌బుక్ వంక చూస్తూ కూర్చున్నాడు. క్లెరిక్ వాడి భుజం తట్టి, "టెన్షన్ పడకు మావా, నేను తొమ్మిదో లెవల్‌కి వచ్చేశా, వజ్రం ఉంది, రేప్పొద్దున లేపేస్తా" అన్నాడు. వాడి మొహంలో నవ్వు వచ్చింది.

అన్న నా వైపు చూశాడు. నేను చెబుతానేమోనని ఆగాడని ఇప్పుడు అర్థమవుతోంది. నేను చెప్పలేదు. "సంచిలో వజ్రం లేదు" అన్నాడు అన్న.

అప్పుడు చెప్పాను. చెప్పి, ఇంకో మాట కూడా అన్నాను: "నేనేం చేయను రా, నా క్యారెక్టర్ అలాంటివాడు." ఈ ఆట ఆడే చోటల్లా ఈ మాట వినిపిస్తుందని, దీని దగ్గర గుంపులు విడిపోతాయని నాకు తర్వాత తెలిసింది. ఆ పాత్రని తయారు చేసింది నేను, చీటీ రాసింది నా చెయ్యి. కానీ ఆ రోజు ఆ మాట నాకు నిజమైన సమాధానంలాగే అనిపించింది.

తెల్లవారుజాము మూడింటి దాకా అరుచుకున్నాం. దేని గురించి? దొంగతనం గమనించాడో లేదో తేల్చే పాచిక క్లెరిక్ చేతే వేయించాలా, అన్న వేయవచ్చా అని. స్పైరల్ బైండింగ్ పేజీలు తిరగేస్తూ క్లెరిక్ ఒక లైను చూపిస్తే నేనొకటి చూపించాను. దొంగ దొంగతనం చేస్తే తప్పేంటని ఫైటర్ నా వైపు నిలబడ్డాడు. నియమాల ప్రకారం నేను చేసింది చెల్లుతుంది, ఆ మాట ఇప్పటికీ నిజం. అందుకే మేం నియమాల గురించి కొట్లాడాం, అక్కడైతే ఎవరో ఒకరు గెలవచ్చు. ఒకడి ఏడాదిన్నర మాట, గొంతు ఆ పాత్రలో ఉన్నాయని, ఐదుగురం కలిసి ఆడే ఆటలో నేనొక్కణ్నే ఇంకేదో ఆడానని ఎవరం అనలేదు. విజార్డ్ ఆ మూడు గంటల్లో ఒక్క మాట మాట్లాడలేదు. క్లాసులో లెక్చరర్ లేపినప్పుడు ఎలా నిలబడేవాడో అలా లేచి, నోట్‌బుక్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ ఆట జరగలేదు. మెస్‌లో మా టేబుల్ రెండైంది. మే నెలలో అన్న చదువు ముగించుకుని వెళ్లిపోతూ, "నువ్వు చీటీ ఇచ్చిన రోజే నేను వద్దనాల్సింది రా" అన్నాడు. తప్పు ఆయనది కాదన్నాను. కాదు కూడా.

ఇప్పుడు బెంగళూరులో ఆఫీసువాళ్లకి, వాళ్ల పిల్లలకి నేనే ఆట నడుపుతున్నాను. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్. మొదటి రోజు పాచికలు ముట్టుకోం. దీన్ని సెషన్ జీరో అంటారు. ఎవరికి ఎలాంటి కథ కావాలి, ఏది వద్దు, ఒకరి సంచిలోంచి ఇంకొకరు తీయొచ్చా అని అందరం మాట్లాడుకుంటాం. టేబుల్ మధ్యలో ఒక కార్డు మీద ఇంటూ మార్కు వేసి పెడతాం. ఎవరికి ఇబ్బంది అనిపించినా దాన్ని తడితే ఆ సంగతి అక్కడితో వదిలేస్తాం, కారణం చెప్పక్కర్లేదు. 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. నోరు విప్పి చెప్పలేనివాడికి అంతకన్నా మంచి ఏర్పాటు నాకు కనపడలేదు. రహస్య చీటీలు మాత్రం నా టేబుల్ దగ్గర లేవు. కొందరు సరదా పోయిందంటారు. పోనీ.

ఫైనలియర్ అక్టోబర్‌లో రెజ్యూమే కాపీల కోసం జిరాక్స్ షాపు దగ్గర నిలబడ్డాను. వాడు నా వెనకే వచ్చి నిలబడ్డాడు. చాలాసేపటికి, "ఆ బూట్లు ఎప్పుడైనా వేసుకున్నావా?" అని అడిగాడు. లేదన్నాను. కొన్న వారమే ఆట ఆగిపోయింది కదా. "అంగీ?" అదీ లేదు. ఇద్దరం టీ తాగాం. క్షమించమని అడిగాను. వాడు తల ఊపి ప్లేస్‌మెంట్ల గురించి మాట్లాడాడు.

మొన్న ఫోన్‌లో నోట్‌బుక్ గురించి అడిగాను. ఊళ్లో అటక మీద ట్రంకు పెట్టెలో ఉందట. బ్యాచ్ కలిసే రోజున మిగతా ముగ్గురూ వస్తున్నారని చెప్పాను. పాచికలు నా దగ్గరున్నాయి, అవే ఏడు. చనిపోయినవాణ్ని తొమ్మిదో లెవల్ క్లెరిక్ తొమ్మిది రోజుల్లోపు బతికించవచ్చని నియమం. మా కథ ఆ రాత్రి దగ్గరే ఆగింది, అందులో ఇంకా ఒక్క రోజు కూడా గడవలేదు. వాడు కాసేపు ఊరుకుని, "వజ్రం ఎవరు తెస్తారు?" అన్నాడు.

బూట్లు, అంగీ అమ్మేస్తానన్నాను.