పాత బండి, ఈ20 పెట్రోలు, బంకులో నాకు జరిగిన మర్యాద - నా అనుభవం

మా ఊరి పెట్రోలు బంకు మీద నేను పెట్టిన ఫిర్యాదుకి నిన్న సాయంత్రం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఇంధనం నాణ్యత ప్రమాణాల ప్రకారమే ఉంది, మీ ఫిర్యాదు ముగించడమైనది అని. అంతే, రెండు లైన్లు. ఆ మంట మీదే కూర్చుని రాస్తున్నాను, ఎక్కడైనా శ్రుతి మించితే సర్దుకోండి.

మాది పర్లాకిమిడి, ఒడిశా గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. మా వైపు పెట్రోలు ఆంధ్రాలో కంటే లీటరుకి ఏడెనిమిది రూపాయలు తక్కువ కాబట్టి పాతపట్నం, టెక్కలి వైపు బళ్ళు కూడా ఇక్కడికొచ్చి ట్యాంకు నింపుకుని పోతుంటాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పని పడుద్ది.

నా బండి 2013 మోడలు, వంద సీసీ, కార్బొరేటర్ ఉన్నది. మొన్న వానాకాలంలో అమ్మాయి పురిటికని విశాఖ వెళ్ళి అక్కడే ఉండిపోయాం, బండి వసారాలో పడుంది. వచ్చాక ఎంత కిక్కు కొట్టినా స్టార్ట్ కాలేదు. మా మెకానిక్ తమ్ముడు కార్బొరేటర్ కింద గిన్నె విప్పితే అడుగున నీళ్ళ పొర విడిగా, పైన పెట్రోలు విడిగా. ట్యాంకు అడుగున తుప్పు. పెట్రోలు పైపు ఉబ్బి వేలితో నొక్కితే మెత్తగా ఉంది.

"ఏటి మాస్టారూ, ఇథనాల్ కలిపిన పెట్రోలు పోసి అన్నాళ్ళు ఒగ్గీస్తే ఇలగే అవుద్ది. పాత బళ్ళ పైపులు దీనికి చేసినవి కావు" అన్నాడు. ట్యాంకు కడగడం, పైపు, వాషర్లు, కార్బొరేటర్ సర్వీసు అన్నీ కలిపి 1,450 అయింది. ఆ పని అతను ఒక్క పూటలో చేసిచ్చాడు, దాని గురించి చెప్పడానికేం లేదు.

నేను రిటైరైన సైన్సు మాస్టార్ని, ఊరికే ఉండలేను. ఇథనాల్ అంటే చెరకు, ధాన్యాల నుంచి తీసే ఆల్కహాలు. దానికి నీళ్ళంటే మోజు, వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మ పట్టినట్టు గాలిలో తేమని లాగేస్తుంది. కొంతవరకు ఆ నీటిని పెట్రోల్లోనే కలిపి ఉంచుతుంది, అది మంచిదే, ఇంజన్లో కాలిపోతుంది. హద్దు దాటిందా, ఇథనాలూ నీళ్ళూ రెండూ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. బండి పెట్రోలు తీసుకునేదేమో ఆ అడుగునుంచే. సరే, నా ట్యాంకులో నీళ్ళు తేమ వల్ల చేరినవా, లేక బంకువాడి భూమిలో ట్యాంకులోనే వాన నీళ్ళు దిగాయా? ఇది తేల్చుకోవాలనుకున్నాను.

ముందు ఇంట్లో చూశాను. మేనల్లుడి కాలేజీ ల్యాబ్ నుంచి కొలత జాడీ తెప్పించి, డాబా మీద, పొయ్యికి దూరంగా, 100 మిల్లీలీటర్ల పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి ఊపి పక్కన పెడితే కింద పొర 40 దగ్గరకి వచ్చింది. అంటే పెట్రోల్లో ఉన్న ఇథనాల్ మొత్తం నీళ్ళలోకి దిగింది, అయిదో వంతు. పంపు మీద అంటించిన ఈ20 (అంటే 20 శాతం ఇథనాల్) స్టిక్కర్ నిజమే. ఇది కల్తీ కాదు, సర్కారు లెక్క ప్రకారం కలిపిందే. మరి నీళ్ళ సంగతి తేలాలంటే బంకుకి పోవాలి.

ఇక్కడే ఉంది అసలు కథ.

బంకులో మనం అడిగితే ఫిల్టర్ పేపర్ టెస్ట్ (కాగితం మీద చుక్క వేస్తే ఆరి మరక మిగలకూడదు) చెయ్యాలి, డెన్సిటీ (సాంద్రత) చూపించాలి, అయిదు లీటర్ల కొలతతో పోసి చూపించాలి, ఫిర్యాదు పుస్తకం ఇవ్వాలి. ఇవన్నీ మన హక్కులు. నేను నమస్కారం పెట్టి, ఒడియాలోనే, డెన్సిటీ చూపించండి బాబూ అన్నాను. మేనేజరు కొత్తవాడు, కటక్ వైపు మనిషనుకుంటా. నన్ను కాలి నుంచి తల దాకా చూసి పంపు కుర్రాడితో ఏదో అన్నాడు, వాడు నా అరచేతిలో నాలుగు చుక్కలు పోసి "ఆరిపోయింది కదా, ప్యూర్" అని నవ్వాడు. ఫిల్టర్ పేపర్ ఏది అంటే అయిపోయింది. డెన్సిటీ కొలిచే హైడ్రోమీటర్ ఏది అంటే పగిలిపోయింది. థర్మామీటర్? లోపలుంది. జాడీ? అదీ లోపలే. లోపలికి పోదాం పదండి అంటే తాళం ఓనరు దగ్గరుంది, ఓనరు బరంపురంలో ఉన్నాడు. పోనీ ఫిర్యాదు పుస్తకం ఇవ్వండి అన్నాను. "హెబొ నాహి" (కుదరదు) అన్నాడు, మొహం కూడా ఇటు తిప్పకుండా.

వెనక లైను పెరిగిపోతోంది, అందరూ హారన్లు. అప్పుడు గొంతు పెంచాడు. మీ ఆంధ్రావాళ్ళు చౌక పెట్రోలు కోసం మా రాష్ట్రానికొస్తారు, పైగా కంప్లైంటులు, మీ ఊళ్ళో బంకులు లేవా అని. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను పుట్టింది ఈ ఊళ్ళో, మా నాన్న పుట్టింది ఈ ఊళ్ళో, మా తాతగారు పుట్టేటప్పటికి ఒడిశా రాష్ట్రమే లేదు, 1936 ఏప్రిల్ 1న గీత గీసి మమ్మల్ని ఇటు ఉంచారు, మేం ఎక్కడికీ కదల్లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసిన ఊరిది, ఇక్కడ తెలుగు మాట్లాడినవాణ్ణి బయటివాడంటాడా! ఇదంతా ఒడియాలో అనేశాను, నా ఒడియా బాగానే ఉంటుంది, ఒడియా మీడియం పిల్లలకే పాఠాలు చెప్పినవాణ్ణి. వాడు తగ్గలేదు, ఆధార్ చూపించు అన్నాడు. పెట్రోలు నాణ్యత అడిగినందుకు ఆధార్! చూపించాను. దాన్ని లాక్కుని నా పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పైకి చదివి "అరవై దాటింది, ఇంట్లో కూర్చోక" అన్నాడు. లైన్లో కొందరు నవ్వారు. నవ్విన వాళ్ళల్లో నా దగ్గర చదువుకున్నవాడొకడు, అది మాత్రం ఇంకా దిగడం లేదు. ఎవడో వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పాడు, ఇప్పుడు టీ కొట్టు దగ్గర నా పేరు "పెట్రోలు మాస్టారు".

ఇంటికొచ్చి అన్నం తినలేదు. మా ఆవిడ "పద్నాలుగు వందల కోసం ఎందుకండీ ఈ యాతన" అంది. డబ్బు గురించి కాదే అన్నాను, వినలేదు.

ఆ రాత్రే కేంద్ర ఫిర్యాదుల పోర్టల్లో రాసేశాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేశాను. ఇవి తేలికే, హెల్ప్‌లైన్లో తెలుగులో మాట్లాడారు. కొన్నాళ్ళకి కంపెనీ ఆఫీసరు వచ్చాడు, కుర్రాడు, మర్యాదస్తుడు. కొలబద్దకి పేస్టు రాసి భూమిలో ట్యాంకులోకి దించాడు, నీళ్ళుంటే రంగు మారాలి, మారలేదు. మామూలు పెట్రోలుకి వాడే పేస్టు ఇథనాల్ పెట్రోలుకి సరిగ్గా పనిచెయ్యదు, దానికి వేరేది ఉంటుంది, ఏది రాశారు అని అడిగాను. కుర్రాడు డబ్బా చూపించాడు, సరైనదే. అంటే ఆ రోజుకి బంకు ట్యాంకులో నీళ్ళు లేవు. డెన్సిటీ తీసి చార్టులో 15 డిగ్రీలకి మార్చి రిజిస్టర్‌తో పోల్చాడు, తేడా ఘనపు మీటరుకి 3 కిలోల లోపే, అంటే హద్దులోనే. లోపలుందన్న జాడీ, పగిలిందన్న హైడ్రోమీటర్, తాళంలో ఉందన్న పుస్తకం, అన్నీ ఆ పూట ఎలా పుట్టుకొచ్చాయో! ఇప్పుడవి బయట టేబుల్ మీద పెట్టారు, పోయి చూసుకోండి, అది నా వల్లే. మేనేజరు క్షమాపణ మాత్రం చెప్పలేదు, మెసేజ్‌లో దాని ఊసే లేదు. మర్యాదకి కొలబద్ద లేదనుకుంటా.

కాబట్టి మీకు నేను చెప్పేది, బంకుకి ఒక్కరే పోకండి. లైను లేని మధ్యాహ్నం పూట పోండి. బిల్లు తీసుకోండి, బిల్లు లేకపోతే మీ మాట చెల్లదు. ఆధార్ మాత్రం తియ్యకండి.

అందరూ అడుగుతున్నారు, ఇంతకీ ఇథనాల్ మంచిదా చెడ్డదా మాస్టారూ అని. నాకు దానిమీద పగ లేదు. ఆక్టేన్ (ఇంజన్ టకటకమని కొట్టుకోకుండా కాలే గుణానికి కొలత) పెరుగుతుంది, మామూలు పెట్రోలు 91 ఉండేది ఈ20 దాదాపు 95. ముడి చమురు దిగుమతి తగ్గి 2014-15 నుంచి 1.44 లక్షల కోట్ల పైచిలుకు విదేశీ మారకం మిగిలిందని కేంద్రం చెప్తోంది. చెరకు, మొక్కజొన్న రైతుకి డబ్బు వస్తుంది, మంచిదే, అయితే ఆ చెరకు రైతు ఎక్కువగా ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర రైతు. మా వైపు ఆమదాలవలస చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళు గడిచాయి, మా బావ చెరకు మానేసి సరుగుడు వేశాడు. పైగా 2024-25కి ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) బియ్యం 52 లక్షల టన్నులు ఇథనాల్‌కి కేటాయించారు. రేషను డిపో లైన్లో నిలబడేవాళ్ళకి ఇది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మైలేజీ తగ్గుతుంది, అందులో వాదన లేదు. లీటరు ఇథనాల్లో పెట్రోలు కంటే శక్తి మూడో వంతు తక్కువ. 2021లో నీతి ఆయోగ్ నివేదికే టూ వీలర్లకి 3-4 శాతం తగ్గొచ్చని రాసింది, నా బండికి అంతకంటే ఎక్కువే తగ్గింది, అరవై ఇచ్చేది యాభై ఆరు ఇస్తోంది. అదే నివేదిక ఆ నష్టానికి పన్నులో రాయితీ ఇవ్వమనీ రాసింది. ఆ పేజీ ఎవరూ చదివినట్టు లేదు, ఇథనాల్ కలిపినందుకని బంకులో రేటు తగ్గించలేదు. ఇథనాల్ లేని పెట్రోలు కూడా బంకుల్లో ఉంచమని ఒకాయన వేసిన కేసుని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. 2030కి పెట్టుకున్న 20 శాతం లక్ష్యాన్ని 2025-26కి ముందుకు లాగారు సరే, 2023కి ముందు కొన్న కోట్ల బళ్ళ సంగతి ముందుగా ఇంటికొచ్చి చెప్పినవాడెవడు? 2023 ఏప్రిల్ తర్వాత బండి కొన్నవాళ్ళు బెంగ పడక్కర్లేదు, పైపులూ వాషర్లూ దీనికి తట్టుకునేవే వేస్తున్నారు. రోజూ తిరిగే పాత బళ్ళకీ పెద్ద ప్రమాదం లేదు, ట్యాంకు తిరుగుతుంటే నీళ్ళు చేరే టైముండదు. నాలా నెలల తరబడి పక్కన పెట్టేవాళ్ళే జాగ్రత్త పడాలి. ఊరెళ్ళేటప్పుడు కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు బయటికి తీసెయ్యండి, మూత రబ్బరు సరిగ్గా ఉందో లేదో చూడండి, కవరు కప్పండి. పైపు మార్చేటప్పుడు ఇథనాల్ తట్టుకునేదే అడగండి, రేటు పెద్ద తేడా లేదు. సీసాల్లో అమ్మే ఇథనాల్ కంట్రోల్ మందులు నేను కొనలేదు, కొనమనీ చెప్పను.

ఇంకొక్కటి మిగిలింది. నా మోడల్ బండికి ఈ20 వాడొచ్చా లేదా ఒక్క ముక్క రాసివ్వండి అని షోరూములో అడిగాను. నోటితో అయితే "వాడండి సార్, ఏం కాదు" అంటారు, లెటర్‌హెడ్ మీద అనేసరికి హెడ్డాఫీసు అంటారు, హెడ్డాఫీసుకి మెయిల్ పెడితే దగ్గర్లోని షోరూముని సంప్రదించండి అని జవాబు. 2023కి ముందు బండికి ఇలాంటి కాగితం ఏ కంపెనీ అయినా సంతకం పెట్టి ఇచ్చి ఉంటే, మీ పేరు, బండి నంబరు చెరిపేసి ఆ జిరాక్స్ నాకు పంపండి. అది పట్టుకుని మళ్ళీ షోరూముకి పోతాను.