తాగొద్దని చెప్పలేదు

మన నర్సింగ్ స్కూల్ డెమో రూమ్‌లో బీరువా పక్కన మేకుకి పురికొసతో వేలాడుతుండే పొడుగాటి నోటుబుక్కు గుర్తుందా? మన పాత విద్యార్థుల కలయిక సంచికకి ఏదైనా రాయమన్నప్పుడు హాస్టల్ గురించో, వేసవిలో మెస్‌లో పెట్టే పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) గురించో, గోపాలపూర్ సముద్రం గురించో రాద్దామనుకున్నాను. రాయడానికి కూర్చుంటే ఆ పుస్తకం ఒక్కటే గుర్తుకొచ్చింది.

అందులో నేను మొదటిసారి రాసింది 2011లో, సెకండియర్‌లో. సర్జికల్ వార్డులో పోస్టింగ్. బరంపురంలో పట్టు నేసే తెలుగు కుటుంబం నుంచి వచ్చిన ఒక మామ్మకి పొద్దున్నే హెర్నియా ఆపరేషన్. "కిఛి ఖాయిబె నాహిఁ అని చెప్పు" అన్నారు వార్డు సిస్టర్. నేను వెళ్లి, "రాత్రి పన్నెండు దాటాక ఏమీ తినకండి మామ్మా" అన్నాను. ఐదింటికి మనవడు ఫ్లాస్కులో పాల టీ తెచ్చాడు, ఆవిడ గ్లాసుడు తాగేసింది. ఒడియాలో 'ఖాయిబా' అంటే తినడం, టీకి కూడా 'చా ఖాయిబా' అనే అంటారు. మన తెలుగులో టీ తాగుతాం, తినం. మామ్మ నా మాట అక్షరాలా పాటించింది. పాలు కలిసిన టీ అంటే కనీసం ఆరు గంటలు ఆగాలి, లేకపోతే మత్తులో ఉన్నప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది.

ఏడుస్తూ స్కూలుకొచ్చాను. ట్యూటర్ మేడమ్ (పేరు రాయను, ఆవిడకి నచ్చదు) తిట్టలేదు. పుస్తకం చేతికిచ్చి, "పేరు రాయక్కర్లేదమ్మా. టైమ్ రాయి. నీ నోట్లోంచి వచ్చిన మాట ఉన్నదున్నట్టు రాయి" అన్నారు. శనివారం దాన్ని అందరి ముందూ చదివారు. రాసింది నేనేనని అందరికీ తెలుసు, అయినా ఎవరూ నవ్వలేదు. "తినొద్దు, తాగొద్దు అని రెండూ విడివిడిగా చెప్పాలి. తర్వాత పేషెంట్ చేత ఆ మాట తిరిగి చెప్పించుకోవాలి" అని ఆ రోజే క్లాసులో అనుకున్నాం. మా బ్యాచ్‌లో ఒడియా అమ్మాయిలు కూడా ఆ రెండు తెలుగు మాటలు నేర్చుకున్నారు. ఈ రోజుకీ ఆపరేషన్ ముందు రాత్రి నేను అలాగే చెబుతాను.

మూడున్నరేళ్ల కోర్సు అయిపోయి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. అక్కడ కూడా తప్పులు కాగితం మీదే రాసేవారు, కానీ ఆ రాత వేరు. నైట్ డ్యూటీలో పద్నాలుగు మందికి ఇద్దరం. పది గంటల యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చాను, అంతలో కొత్త అడ్మిషన్ వచ్చింది, చార్టులో సంతకం పెట్టడం మర్చిపోయాను. మర్నాడు మెమో. "విధుల్లో నిర్లక్ష్యం, 24 గంటల్లో సంజాయిషీ ఇవ్వాలి." సంతకం లేకపోతే ఇంకొకరు అదే డోసు మళ్లీ ఇచ్చే ప్రమాదం ఉంది, అది చిన్న విషయమని నేను అనను. కానీ ఆ సమయంలో ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు. సీనియర్ అక్కలు చెప్పినట్టు "క్షమించగలరు, ఇకపై జరగదు" అని రాసిచ్చాను. ఫైల్లో పెట్టేశారు. నైట్‌లో మాత్రం ఇద్దరమే మిగిలాం.

నెల తిరక్కుండా ఇంకొకటి జరిగింది. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. గుండె జబ్బున్న పెద్దాయనకి 500 ఎంఎల్ సెలైన్ ఎనిమిది గంటల్లో వెళ్లాలి. ఎంఎల్‌కి 20 చుక్కలు పడే సెలైన్ గొట్టం సెట్టు, అంటే నిమిషానికి 21 చుక్కలు. ఆయన మోచెయ్యి మడిచి పడుకున్నప్పుడు చుక్కల వేగం సరిచేశాను. తర్వాత చెయ్యి చాపారు, చుక్కలు జోరందుకున్నాయి. మూడు గంటలకే బాటిల్ ఖాళీ. అలాంటి పేషెంట్‌కి ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. వెంటనే డ్యూటీ డాక్టర్‌ని లేపాలి. లేపలేదు. రెండో మెమో వస్తే జీతంలో కోత అని విన్నాను. తెల్లవార్లూ ఆయన మంచం పక్కనే కూర్చుని నాడి చూస్తూ, శ్వాస లెక్కపెడుతూ గడిపాను. చార్టులో మాత్రం బాటిల్ సరైన టైమ్‌కే అయిపోయిందని రాశాను. ఆయనకి ఏమీ కాలేదు. తప్పు నాదే, ఎవరి మీదకీ నెట్టను. కానీ పేరు లేకపోయినా ఉన్నదున్నట్టు రాసిన అమ్మాయి, మూడేళ్లు తిరిగేసరికి కింద సంతకం పెట్టి మరీ అబద్ధం రాసింది.

తర్వాత చదువుకుంటే తెలిసింది, మేడమ్ చేసిన పనే పెద్దవాళ్లు కూడా చెప్పారని. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లోనే తన నివేదికలో, ఎక్కువ తప్పులకి కారణం అజాగ్రత్త మనుషులు కాదు, పని జరిగే పద్ధతే అని రాసింది. అయినా 2022లో అదే దేశంలో, టెనెసీలో, ఒక మందు బదులు ఇంకొకటి ఇచ్చి పేషెంట్ మరణానికి కారణమైన నర్సును కోర్టు దోషి అంది. మూడేళ్ల ప్రొబేషన్ (జైలుకి పంపకుండా పర్యవేక్షణలో ఉంచే శిక్ష) వేసింది. జరిగింది ఆవిడ తానే చెప్పుకుంది. ఆ వార్త వచ్చిన రోజు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాకా మాటలు ఆగలేదు. "ఇక ఎవరు చెబుతారే?" అని ఒకరు రాశారు. ఆ ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

ఇప్పుడు నేను వార్డ్ ఇన్‌చార్జిని. ఈ సంచిక చదివే చెల్లెళ్లకి ఒక్క మాట. మెమో వస్తే ఆ టెన్షన్‌లో అప్పటికప్పుడు జవాబు రాయకండి. ఒక పూట ఆగండి. ఎన్ని గంటలకి ఏం జరిగింది, అప్పుడు వార్డులో ఎంతమంది పేషెంట్లు, డ్యూటీలో ఎంతమంది, ఎవరు పిలిస్తే ఎటు వెళ్లారు, ఇవన్నీ వరసగా రాయండి. తప్పు జరిగితే జరిగిందనే రాయండి, కాళ్లావేళ్లా పడొద్దు. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పేషెంట్‌కి ఏదైనా అయ్యే అవకాశం ఉంటే మాత్రం మెమో సంగతి తర్వాత, ముందు డాక్టర్‌ని లేపండి. నేను లేపలేదు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా వార్డులోనూ ఒక నోటుబుక్కు పెట్టాను. మొదటి రెండు నెలలు ఎవరూ రాయలేదు. చివరికి ఆ సెలైన్ రాత్రి సంగతి నేనే రాసి, కింద నా పేరు కూడా పెట్టాను. ఆ వారంలోనే ఇద్దరు రాశారు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక, మనం డెమో రూమ్ శుభ్రం చేసినప్పుడు ఆ పాత పుస్తకం తడిసి ఉంది. ఎవరో ఆరబెట్టడానికి బీరువా మీద పెట్టారు. తర్వాత నేను చూడలేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే కలయిక రోజున తీసుకురండి. మామ్మ టీ తాగిన పేజీ ఒకసారి చూసుకోవాలని ఉంది.